వైరస్ తినలేదు

కంప్యూటర్ బాగుచేసేవాడు ఎవడైనా మీతో "వైరస్ తినేసిందండీ" అంటే నమ్మకండి. వైరస్ ఫైళ్లను దాస్తుంది, వాటి పేర్లు మారుస్తుంది, పాడుచేస్తుంది, కొన్ని రకాలైతే తాళం కూడా వేస్తాయి. తినడం మాత్రం మనుషుల పని. చాలాసార్లు ఆ మాట అంటున్నవాడే తిని ఉంటాడు.

ఈ మాట మా షాపు యజమాని ఒక కస్టమర్‌తో అన్నప్పుడు నేను పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

నాకు ముప్పై నాలుగేళ్లు. ఉద్యోగ విరమణ వయసు కాదు కానీ, రిపేరు పని నుంచి మాత్రం ఎప్పుడో విరమించాను. ఇప్పుడు ఒక ఆఫీసులో డేటా బ్యాకప్‌లు చూసుకుంటున్నాను. కొత్తగా చేరే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పబోతే సగంలోనే "ఇప్పుడంతా క్లౌడే కదా సార్" అంటారు. అందుకే రాస్తున్నాను. కాగితానికి ఎవరూ అడ్డు తగలరు.

తార్నాకలో, యూనివర్సిటీ వైపు వెళ్లే రోడ్డు మీద మా షాపు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి అందులో చేరాను. మా నాన్నది అనంతపురం, ఇక్కడ ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే గుమాస్తా. నేను పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. షాపు యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులవి. మా షట్టర్ ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో క్యాంపస్ నిర్ణయించేది. బాష్పవాయువు వాసన మా బల్ల దాకా వచ్చేది. తడిపిన చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని సోల్డరింగ్ చేసిన రోజులున్నాయి.

ఆ రోజుల్లో మాకొచ్చే కంప్యూటర్లలో ఎక్కువ భాగానిది ఒకే జబ్బు. ఉద్యమ పాటలు, ఉపన్యాసాలు, టీవీ చర్చల ముక్కలు పెన్ డ్రైవ్‌లలో హాస్టల్ నుంచి హాస్టల్‌కి, అడిక్‌మెట్ అద్దె గదుల నుంచి లాలాపేట్ ఇళ్లకి తిరిగేవి. వాటితోపాటు ఒక వైరస్ కూడా తిరిగేది. అది అసలు ఫోల్డర్‌ను కనపడకుండా దాచి, దాని స్థానంలో అదే పేరుతో, అదే పసుపుపచ్చ బొమ్మతో ఒక నకిలీని పెట్టేది. నకిలీ మీద నొక్కితే మరికొన్ని ఫోల్డర్లకు పాకేది. పాటల తప్పేమీ లేదు. పెన్ డ్రైవ్‌ను అడగకుండా పుచ్చుకునే అలవాటుదే తప్పు.

నాకు జాబితాల పిచ్చి. పదకొండు అంశాలతో ఒక పట్టిక టైపు చేసి బల్ల ముందు గోడకు అంటించాను. ప్రతి మెషీన్‌కూ పట్టిక ప్రకారం టిక్కులు పెట్టేవాణ్ణి. మా యజమాని దాన్ని పంచాంగం అనేవాడు. "ఏవయ్యా, ఇవాళ వర్జ్యం ఎప్పుడు? ఫార్మాట్ కొట్టొచ్చా?" అని పొద్దున్నే ఎగతాళి. నవ్వేవాణ్ణి కానీ, లోపల గర్వంగా ఉండేది. పట్టిక ఉన్నవాడు తప్పు చేయడని నమ్మేవాణ్ణి.

ఒక సోమవారం మధ్యాహ్నం లాలాపేట్ నుంచి ఒక అక్కా తమ్ముడూ ఆటోలో సీపీయూ తెచ్చారు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడట. ఆమె క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది, థీసిస్ ఇచ్చే గడువు దగ్గర పడింది. తమ్ముడు అక్కడే ఎమ్మే.

"ఏ ఫోల్డర్ ఒత్తినా తెరుచుకుంటలేదు తమ్మీ. మెషీన్ అంతా ఆగమాగం అయింది" అందామె.

"పెన్ డ్రైవ్ ఏదైనా పెట్టారా మేడమ్?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను ఫ్యాన్ వైపు చూశాడు.

"పాటలకోసం పెట్టిన. అందరు పెడ్తలేరా?"

"అందరికీ ఇదే వచ్చింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నా రికార్డింగులు పైలం తమ్మీ. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫోల్డర్‌ల ఉన్నయి. అరవై రెండు. బీడీలు చుట్టే ఆడోళ్ల మాటలు. మూడేండ్లు ఊర్లు పట్టుకుని తిరిగి తెచ్చిన. అండ్ల కొందరు ఇప్పుడు లేరు కూడా."

పట్టికలో మొదటి అంశం: వేరే కాపీ ఉందా? అడిగాను.

"ఒక పెన్ డ్రైవ్‌ల ఉండె..." అని ఆమె మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది.

"ఇంట్ల యాడనో ఉంటది తియ్యక్కా" అన్నాడతను.

మెషీన్ వివరాలు రాసే జాబ్ కార్డు మీద నా చేత్తో నేనే రాశాను: డెస్క్‌టాప్, రికార్డింగులు, 62. అంకె చుట్టూ గీత కూడా గీశాను.

మీకు కావలసినంత సాంకేతికం మాత్రం చెప్తాను. ఆమె హార్డ్ డిస్క్ విప్పి మా మెషీన్‌కు తగిలించాను. వైరస్ స్కాన్ నకిలీలన్నిటినీ తీసేసింది. డెస్క్‌టాప్ తెరిచి, అన్నీ ఎంచుకుని, కాపీ కొట్టాను. "అన్నీ" అంటే కంటికి కనపడేవి. థీసిస్ అధ్యాయాలు విడి ఫైళ్లు కాబట్టి కనపడ్డాయి, వచ్చాయి. రికార్డింగుల ఫోల్డర్‌ను వైరస్ దాచేసింది. నకిలీ పోయింది, అసలుది తెర మీదికి రాలేదు. అది అక్కడే ఉంది, నాకు కనపడలేదు, అంతే.

అరవై రెండు రికార్డింగులు కాపీ కావడానికి ముప్పావు గంట పట్టాలి. ఆరు నిమిషాల్లో అయిపోయింది. నేను గడియారం చూశాను. చూసి సంతోషించాను. ఎందుకంటే క్యాంపస్ వైపు నుంచి నినాదాలు దగ్గరవుతున్నాయి, యజమాని సగం షట్టర్ దించి, "కానీవయ్యా కానీ, మన అద్దాలకేం బీమా లేదు" అని అరుస్తున్నాడు. డేటా కాపీ ఎదురుగా టిక్కు పెట్టాను. ఫార్మాట్ కొట్టాను.

తప్పంతా ఊరేగింపు మీదికి నెట్టేస్తానని అనుకోకండి. మర్నాడు పొద్దున రోడ్డు నిశ్శబ్దంగా ఉంది. విండోస్ తీరిగ్గా ఎక్కించాను, ఫైళ్లు తిరిగి పెట్టాను. జాబ్ కార్డు ఎదురుగానే ఉంది. లెక్క చూసుకోవడానికి అరగంట సమయముంది. ఆ అరగంటలో నేనేం చేశానంటే, ఆమె కోసం ఒక కాగితం అందంగా ప్రింటు తీశాను: శుభ్రం చేసిన ఇంటి కంప్యూటర్‌ను చూసుకోవడం ఎలా, తొమ్మిది సూచనలు. పెన్ డ్రైవ్ తెరిచే ముందు స్కాన్ చేయండి. యాంటీవైరస్ వారానికోసారి అప్‌డేట్ చేయండి. ముఖ్యమైనవి ఇంకోచోట దాచుకోండి. ఏడో సూచన, డీఫ్రాగ్: డిస్క్‌లో ముక్కలు ముక్కలుగా పడి ఉన్న ఫైళ్లను ఒకచోటికి సర్దే పని, ప్రతి ఆదివారం చేయండి. ప్రతి ఆదివారం అన్న మాట కింద గీత గీశాను.

మంగళవారం వాళ్లు మెషీన్ తీసుకెళ్లారు. గురువారం పొద్దున ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో మేం మెషీన్‌తో ఇచ్చిన జాబ్ కార్డు.

"రికార్డింగులు లేవు తమ్మీ. రాసినయన్ని ఉన్నయి. ఆ ఒక్క ఫోల్డరే లేదు."

నాకు అర్థం కావడానికి మూడు సెకన్లు కూడా పట్టలేదు. విడి ఫైళ్లున్నాయి, ఫోల్డర్ లేదు. ఆరు నిమిషాలు. అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. అదే మూడు సెకన్లలో ఇంకో సంగతి కూడా తెలిసింది: ఆ రికార్డింగులు ఇంకా ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చించేయడం. పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తగా ఏదీ రాయనంత వరకు. కాబట్టి నేను అనవలసిన మాట ఒక్కటే: మెషీన్ ఆపేయండి, ముట్టుకోకండి.

నాకంటే ముందు మా యజమాని మాట్లాడాడు. "వైరస్ తినేసిందమ్మా. ఏం చేస్తాం చెప్పండి. మా కుర్రాడు చేయగలిగిందంతా చేశాడు. థీసిస్ మిగిలింది, సంతోషించండి."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా తమ్మీ?"

నేను తలూపాను.

నోటితో అబద్ధం ఆడలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత నీచమైన లెక్కో చూడండి.

ఆమె వెళ్లాక యజమానితో అన్నాను: "తప్పు మనదే సార్. డిస్క్ మళ్లీ తెప్పిస్తే తీయొచ్చు."

"ఒప్పుకుంటావా? ఈ రోజుల్లోనా? మూల మీద మనవాళ్ల షాపు బోర్డు పీకేసింది చూశావుగా. గుంటూరోడు ఆ అమ్మాయి చదువు పాడుచేశాడంటే మనకి షట్టర్ మిగులుద్దా? వైరస్ తినిందంటే ఎవడికీ కోపం రాదయ్యా. వైరస్‌కి ఊరూ పేరూ లేదు."

ఆయన భయం అబద్ధం కాదు. ఆ సాయంత్రమే తమ్ముడు ఇద్దరు స్నేహితులతో వచ్చాడు.

"ఏ ఊరన్నా మీది?" అన్నాడు, కుర్చీ లాక్కుంటూ.

"సీతాఫల్‌మండి."

"గా ఊరు కాదు. అసలు ఊరు."

"నాన్నది అనంతపురం."

"గట్ల జెప్పు." స్నేహితుల వైపు తిరిగాడు. "మా ఆడోళ్ల కష్టం బయటికి రావొద్దని తుడిచిండ్రురా భయ్. ఇప్పుడు వైరస్ మీద పెడ్తున్నరు."

"అందులో ఏముందో కూడా నాకు తెలియదు" అన్నాను.

"తెల్వకుండనే తుడిచినవా? ఇంకా మంచిగున్నది."

వాళ్లు నవ్వారు. నా కీబోర్డును బల్ల మీంచి వేలితో మెల్లగా కిందికి నెట్టి వెళ్లిపోయారు. మా యజమాని లోపలి గదిలో నుంచి బయటికి రాలేదు.

నేను పుట్టిన చోటు నాది కాదన్నారని ఒళ్లు మండింది. ఆ మంట న్యాయమైనదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకోవలసింది ఇంకొకటుంది. ఆ మంటలో నాకు సుఖంగా కూడా ఉండింది. నేను చేయని నేరం నా మీద మోపాడు కాబట్టి, చేసిన తప్పు చెప్పనక్కర్లేదనిపించింది. నేనే బాధితుణ్ణి కదా, నేనెందుకు ఫోన్ చేయాలి?

శుక్ర, శనివారాలు బంద్. ఇంట్లో కూర్చుని అతనికి ఇవ్వవలసిన జవాబులు ఒక్కొక్కటే తయారుచేసుకున్నాను. నా అలవాటు ప్రకారం వరస కూడా పెట్టుకున్నాను, ఐదొచ్చాయి. ఐదూ పదునైనవే. "మెషీన్ ఆపేయండి" అన్నది ఆ ఐదింటిలో లేదు. ఆమె నంబరు నా ఫోన్లో ఉంది.

ఆదివారం అన్నం తింటూ నాన్నకు చెప్పాను. ఆ తమ్ముడు అన్న మాటలు ముందు చెప్పి, నా తప్పు చివర్న చిన్నగా చెప్పాను. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"వాడు తిట్టినాడు, సరే. వాని నోరు మంచిది కాదు. అంతమాత్రాన నీ తప్పు మాఫీ అయిపోతాదా నాయనా?"

"నన్ను ఆంధ్రోడివి అన్నాడు నాన్నా."

"అనిండేది వాడు. ఫైళ్లు పోయిండేది ఆ పాపవి. వానితో నీ లెక్క తర్వాత సూసుకో. పోయి చెప్పు."

"రేపు వెళ్తాను."

సీతాఫల్‌మండి నుంచి లాలాపేట్ ఎంత దూరం? సైకిల్ మీద పావుగంట. ఎండగా ఉందని రేపన్నాను.

సోమవారం పొద్దున వెళ్లాను. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటర్, పైన గోడకు నా కాగితం. నాలుగు మూలలా టేపు వేసి, ప్రతి సూచన ఎదురుగా ఎర్ర పెన్నుతో టిక్కు. తమ్ముడు మంచం మీద పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

దారిలో కూర్చుకున్న మాటలు గుమ్మం దాటగానే ఎటో పోయాయి. "మేడమ్, వైరస్ తినలేదు" అన్నాను. "నేనే కాపీ చేయలేదు. మీ ఫోల్డర్‌ను వైరస్ దాచింది, నేను చూసుకోకుండా ఫార్మాట్ కొట్టాను. గురువారమే నాకు తెలుసు. రికార్డింగులు ఇంకా డిస్క్‌లోనే ఉంటాయి. మీరు దీంట్లో పెద్దగా ఏమీ చేయకపోతే..."

అప్పుడు చూశాను. ఏడో సూచన ఎదురుగా టిక్కు.

"నిన్న డీఫ్రాగ్ చేశారా?"

"నువ్వే రాసినవు గదా" అందామె. "పొద్దుగూకేదాంక నడిచింది. పోయినయి ఎట్లనో పోయినయి, ఉన్నయన్న మంచిగ జూసుకుందామని కూసోని చేసిన."

తొమ్మిది సూచనల్లో ఆమె ఒక్కటీ తప్పలేదు. నా మీద నమ్మకంతో నా కాగితం ముందు కూర్చుని, నేను చెప్పినట్టే, తన రికార్డింగుల మీద వేరే ఫైళ్లను శ్రద్ధగా తెచ్చి సర్దించింది. ఆ సర్దుడు నడుస్తున్నంతసేపూ నేను ఇంట్లో ఉన్నాను. పడుకుని ఉన్నాను.

తమ్ముడు లేచాడు. "నేను చెప్పలేదా అక్కా? కావాలనే చేసిండు."

"కావాలని తుడవలేదు" అన్నాను. "కావాలని చెప్పకుండా ఉన్నాను. అది నిజం."

అతను ముందుకొచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు గూసో. పెన్ డ్రైవ్‌ల కాపీ ఏమాయెరా?"

అతను గుమ్మం వైపు చూశాడు.

"నాలుగు దినాల సంది అడుగుతున్న. ఇంట్ల ఉన్నదంటవు. యాడున్నది?"

"జాగ లేక పాటలు పడ్తలేవని..." అన్నాడు.

"తుడిచినవ్."

అతను మంచం మీద కూలబడ్డాడు. షాపులో నా ఊరు అడిగినప్పుడు ఆ గొంతులో అంత వేడి ఎందుకుందో నాకప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకే పని చేశాం. నేను అతని మాట వెనక దాక్కున్నాను, అతను నా ఊరు వెనక దాక్కున్నాడు. అతన్ని క్షమించానని చెప్పను. క్షమించలేదు. కానీ చిన్న చూపు చూసే హక్కు మాత్రం నాకు లేదు.

మెషీన్ ఆపి, డిస్క్ విప్పుకుని, షాపుకు కాకుండా ఇంటికి తెచ్చాను. షాపుకు ఫోన్ చేసి సంగతి చెప్తే యజమాని, "నిజం చెప్పి గొప్పోడివయ్యావు, ఇంక అక్కడే ఉండు" అన్నాడు. అలా ఉద్యోగం పోయింది. దాని గురించి నాకు బాధ లేదు. ఆయన పట్ల కోపం ఉంది, కానీ తలూపింది ఆయన మెడ కాదు.

డిస్క్‌ను రికవరీ ప్రోగ్రాముతో గడి తర్వాత గడి వెతికించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. దొరికినవాటికి పేర్లు లేవు, అంకెలే. ఈసారి ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. తునికాకు తడిపి కత్తిరించడం గురించి ఒకామె చెప్తోంది. ఇంకొకామె మాట మాటకీ దగ్గుతోంది. ఒకచోట ఒక ముసలామె మెడ నొప్పి గురించి మొదలుపెట్టిన మాట వాక్యం మధ్యలో తెగిపోయి, టీవీ చర్చలో ఎవరో మగమనిషి అరుపుగా మారిపోయింది. తమ్ముడు ఆ వారంలో ఎక్కించిన క్లిప్పింగు అది.

ఇరవై మూడు పూర్తిగా దొరికాయి. ఎనిమిది ముక్కలుగా. మిగతా ముప్పై ఒకటి లేవు.

కుర్రాళ్లూ, ఇది చదువుతున్న మీకు సాంకేతికంగా చెప్పవలసింది కొద్దిగానే ఉంది. వైరస్ తీశాక, దాగి ఉన్నవి కనపడేలా పెట్టండి. ఫైళ్లు ఎన్నో, ఎంత బరువో, కాపీకి ముందూ వెనకా లెక్కపెట్టండి. నాలుగు తెరిచి చూడండి, చెవితో వినండి. ఒక కాపీ ఆ మెషీన్‌కు తగిలించకుండా, ఆ ఇంటికి దూరంగా ఉంచండి. "అన్నీ ఉన్నాయి" అని సొంతదారు నోటితో అనేదాకా ఆ డిస్క్‌ను తుడవడం, సర్దడం లాంటి ముస్తాబులు చేయకండి, చేయమని చెప్పకండి. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది ఇది: మీరు తప్పు చేశారని తెలిసిన నిమిషం నుంచి మీ మౌనం కూడా డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. మీకెంత అన్యాయం జరిగినా అది ఆగదు. మీరు తిట్లకు జవాబులు వెతుక్కునే రెండు రోజుల్లో ఎవరివో గొంతులు పోతాయి.

థీసిస్ ఏమైందని అడుగుతారు. గొడవల వల్ల అందరికీ గడువు పెంచారు. ఆమె రెండు అధ్యాయాలు తగ్గించి సమర్పించిందని తర్వాత ఎప్పుడో యూనివర్సిటీ ఆఫీసులో విని నాన్న చెప్పాడు.

దొరికినవి రెండు సెట్ల సీడీల్లో రాసి, ఆమె హార్డ్ డిస్క్‌తో పాటు గురువారం లాలాపేట్ తీసుకెళ్లాను. రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, డప్పులు. ఆమె ఒక్కతే ఉంది. డిస్క్ మెషీన్‌లో బిగించి, సీడీ పెట్టాను. ఒక నోటుపుస్తకం తీసింది. అరవై రెండు పేర్లు, ఊళ్లు వరసగా రాసి ఉన్నాయి. ఐదు పేర్ల చుట్టూ సున్నా చుట్టి ఉంది. చనిపోయినవాళ్లట. ఒక్కొక్క అంకె మీద నొక్కి, రెండు మాటలు వినగానే గొంతు గుర్తుపట్టి, పేరు ఎదురుగా గీత పెట్టుకుంటూ పోయింది. ఇరవై మూడు గీతలయ్యాక, సున్నాలున్న పేర్లు మళ్లీ మొదటి నుంచి చూసింది. ఐదింటిలో ఒక్కదాని ఎదురుగా గీత ఉంది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు" అంది, పుస్తకం మీంచి కళ్లు ఎత్తకుండా. "రికార్డింగులు లేవని నేను షాపుకొచ్చిన్నాడే నువ్వు చెప్పుంటే, ఎన్ని దొరుకుతుండె?"

నా దగ్గర జవాబులున్నాయి. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు మేడమ్. విండోస్ ఎక్కించినప్పుడే కొన్ని పోయి ఉండొచ్చు. డిస్క్ పాతది. మూడూ నిజాలే. ఆమె అడిగింది వాటి గురించి కాదు.

"దాదాపు అన్నీ" అన్నాను.

ఆమె తిట్టలేదు. పుస్తకం మూసి, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, సున్నా చుట్టిన పేరుకు దొరికిన ఆ ఒక్క రికార్డింగు మొదటి నుంచి పెట్టుకుంది. నేను నా సంచి తీసుకున్నాను.

"పోయేటప్పుడు తలుపు దగ్గరికేసి పో" అంది, ఇటు తిరగకుండానే. "బయట లొల్లికి ఇనబడ్తలేదు."